కరెంటు లేని మందిరం: ఆమ్‌స్టర్‌డామ్ పోర్చుగీస్ సినగాగ్

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక్క కట్టడానికి మాత్రమే టికెట్ కొనేటట్టుంటే, ఆ డబ్బులు పోర్చుగీస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరానికే పెట్టండి. నెదర్లాండ్స్‌లో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరకు వచ్చే మన వైపు అమ్మానాన్నలకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. కాలువల్లో పడవ షికారు, తులిప్ తోటలు, గాలిమరలు ఎవరైనా చూపిస్తారు. ఇక్కడికి మాత్రం మనం అడిగితే తప్ప ఎవరూ తీసుకుపోరు. మేము ఎక్కిన టూరు బస్సు దీని గోడ పక్క నుంచే పోయింది, గైడు పేరైనా ఎత్తలేదు. ఆ ఎర్ర ఇటుక గోడను, అంతెత్తు కిటికీలను చూసి అదేందని మా బిడ్డను అడిగాను. ఆ వచ్చే ఆదివారమే నన్నూ వాళ్ళమ్మనూ వెంటబెట్టుకుని పోయింది.

మాది నల్లగొండ. రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ కట్టడం చూసినా పునాది ఎట్లా వేశారు, పైకప్పు దేని మీద నిలబడింది, నీళ్ళు ఎటు పోతాయి అన్నదే ముందు నా కంటికి ఆనుతుంది. అందుకే ఈ రాతలో ఇటుక, కర్ర, రాయి ముచ్చట్లే ఎక్కువ ఉంటాయి.

పక్క ఊరు ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉండేవాళ్ళకు దారి సులువు. ట్రామ్‌లో జుయిడ్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడ 51 నంబరు మెట్రో ఎక్కి వాటర్లోప్లైన్‌లో దిగితే నాలుగడుగులు. బయటి నుంచి చూస్తే గుడి అనిపించదు. గోపురం లేదు, శిఖరం లేదు, గంట లేదు. చుట్టూ ప్రాకారంలా పొట్టి ఇళ్ళ వరస, మధ్యలో రాళ్ళు పరిచిన వాకిలి, ఆ వాకిట్లో ఆ పెద్ద ఇటుక కట్టడం ఒక్కటే తల ఎత్తుకుని నిలబడి ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు బ్యాగులు తనిఖీ చేస్తారు. ఐరోపాలో యూదుల ప్రార్థనా స్థలాల దగ్గర ఈ భద్రత మామూలే, టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

తలుపు దగ్గర నేను అలవాటుగా బూట్లు విప్పడానికి వంగాను. "బాపూ, బూట్లు ఉండనియ్యి. ఇక్కడ మగోళ్ళు తలకు కప్పుకోవాలె" అని మా బిడ్డ అక్కడ పెట్టిన చిన్న గుండ్రటి టోపీ తీసి నా తల మీద పెట్టింది. దాన్ని కిప్పా అంటారు. మనం దేవుడి ముందు కాళ్ళు ఖాళీ చేసుకుంటే వాళ్ళు తల కప్పుకుంటారు. టోపీకి డబ్బులేమీ తీసుకోరు, పోయేటప్పుడు తిరిగి ఇస్తే చాలు.

లోపల అడుగు పెట్టగానే కాలి కింద కరకరమని చప్పుడైంది. నేలంతా సన్నటి ఇసుక. కింద చెక్క నేల, దాని మీద పల్చగా పరిచిన ఇసుక. మన పల్లెల్లో పెళ్ళి పందిట్లో ఇసుక పోసినట్టే ఉంది. ఇది పాత డచ్చి అలవాటు. బూట్లకు అంటుకున్న తడిని, దుమ్మును ఇసుక పీల్చుకుంటుంది. మనుషులు నడిచే చప్పుడు తగ్గిస్తుంది. ఏడాదిలో సగం రోజులు వాన పడే ఊళ్ళో, చెక్క నేల ఉన్న చోట ఇంతకంటే చవకైన, మంచి ఉపాయం నాకు తోచదు. తడిస్తే ఊడ్చి పారేసి కొత్తది పోసుకోవచ్చు, చెక్కకు ఏమీ కాదు. ఇక్కడి నుంచి సముద్రాలు దాటిపోయిన యూదులు కరీబియన్‌లోని కురసావ్‌లోనూ దక్షిణ అమెరికాలోని సురినామ్‌లోనూ కట్టుకున్న మందిరాల్లో కూడా నేల మీద ఇసుకే పరుచుకున్నారు.

తల ఎత్తాక నేను చేసిన పని వైర్ల కోసం వెతకడం. గోడల వెంట కేసింగ్ లేదు, పైపు లేదు, స్విచ్ బోర్డు లేదు. ఎక్కడా ఒక్క బల్బు లేదు. ఈ పెద్ద మందిరానికి ఈ రోజు దాకా కరెంటే పెట్టలేదు. చలికి హీటర్ కూడా లేదు. పైనుంచి పెద్ద పెద్ద ఇత్తడి దీపాల గుత్తులు వేలాడుతుంటాయి, బెంచీల వెంట కూడా ఇత్తడి స్టాండ్లు ఉంటాయి. అన్నీ కలిపి 1,000 కొవ్వొత్తులు పడతాయి. పగలు ఆ అవసరమే రాదు. 72 కిటికీలున్నాయి. మేము పోయినప్పుడు బయట మబ్బు పట్టి ఉంది, అయినా లోపల పేపరు చదువుకునేంత వెలుగు. రంగు అద్దాలు లేవు, తేట అద్దాలే. ఆ వెలుతురు ఇత్తడి మీద పడి, నల్లటి చెక్క మీద పడి, ఇసుక మీద పడి మూడు రకాలుగా కనిపిస్తుంది. నేను ఒక బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆ వెలుతురు కదలడం చూశాను.

పైకప్పు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పొడవాటి మూడు చెక్క కమానులు పక్కపక్కనే పరుగెత్తుతాయి. వాటి బరువు మోసేవి నాలుగు భారీ రాతి స్తంభాలు. వాటికి తోడు ఆడవాళ్ళ గ్యాలరీలను మోసే చిన్న స్తంభాలు 12, ఇశ్రాయేలు 12 గోత్రాల గుర్తుగా. ఇంత వెడల్పున్న హాలులో మధ్యన అంత తక్కువ స్తంభాలతో పని ముగించడమంటే, లెక్క తెలిసిన మేస్త్రి చెయ్యి పడిందన్నమాట. కట్టింది ఎలియాస్ బౌమన్. 1671లో మొదలుపెట్టారు. 1672లో ఫ్రాన్సు దండెత్తి రావడంతో దేశమంతా అల్లకల్లోలమై పని ఆగిపోయింది. మళ్ళీ మొదలై 1675 ఆగస్టు 2న ప్రారంభం జరిగింది. సగంలో ఆగిన పనిని తిరిగి ఎత్తుకోవడం ఎంత కష్టమో మా శాఖలో పనిచేసినవాళ్ళకు తెలుసు. ఇక్కడ గోడల్లో ఆ అతుకు ఎక్కడుందా అని వెతికాను. నా కంటికి దొరకలేదు.

కూర్చునే పద్ధతి మన గుళ్ళ కంటే వేరు. ఒక చివర జెరూసలేం దిక్కుకు వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా చుట్టలు దాచే మందసం, ఎదురు చివర గ్రంథం చదివే ఎత్తైన వేదిక, నడుమ బెంచీలు ఒకదానికొకటి ఎదురెదురుగా. అంటే మనుషులు దేవుడివైపు వరసగా కూర్చోరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. నాకిది బాగా నచ్చింది. ఆడవాళ్ళకు పైన గ్యాలరీలు. "గప్పుడు ఆడోళ్ళు పైనుంచి చూసుడేనా?" అని మా ఆవిడ అడిగింది. అవునంది మా బిడ్డ. ఆమెకు నచ్చలేదు. చూడటానికి వచ్చినవాళ్ళకు ఆ నియమం లేదు, మేము ముగ్గురం కిందనే ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

ఆ మందసం దగ్గర మాత్రం నిదానంగా నిలబడండి. గోడంత వెడల్పున, బ్రెజిల్ నుంచి తెచ్చిన జకరాండా చెక్కతో చేసింది. ఆ చెక్క అక్కడి నుంచి రావడం వెనక పెద్ద కథే ఉంది. 1492లో స్పెయిన్ యూదులను వెళ్ళగొట్టింది. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కు పోయారు. అక్కడ 1497లో బలవంతంగా మతం మార్చారు. పైకి క్రైస్తవులుగా, ఇంట్లో తలుపులేసుకుని యూదులుగా తరాలు గడిపారు. ఎవరైనా చాడీ చెబితే మత విచారణ పేరుతో ప్రాణాలు పోయేవి. 1500ల చివర్లో అట్లాంటి కుటుంబాలు ఆమ్‌స్టర్‌డామ్ చేరి, తాతల నాటి మతాన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాయి. ఈ మందిరం కట్టాలని పట్టుబట్టిన రబ్బీ, అంటే యూదు మతగురువు, ఇసాక్ అబోవాబ్ ద ఫొన్సెకా డచ్చివాళ్ళ చేతిలో ఉన్నప్పటి బ్రెజిల్‌లో రెసీఫెలో పనిచేశాడు. 1654లో పోర్చుగీసువాళ్ళు దాన్ని తిరిగి పట్టుకోవడంతో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చేశాడు. రెండుసార్లు ఊళ్ళు వదిలి పారిపోయిన జనం ఈ ఊళ్ళో ఇంత పెద్ద కట్టడం నడిబజార్లో బహిరంగంగా కట్టారు. అదే కాలంలో ఇదే ఊళ్ళో క్యాథలిక్కులు కూడా బహిరంగంగా చర్చి పెట్టుకునే వీల్లేక ఇళ్ళ అటకల మీద ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ ఇటుకల ధైర్యం ఎంతటిదో అర్థమవుతుంది.

మనకూ దీనికీ సంబంధమేందని అనుకునేవాళ్ళకు రెండు ముచ్చట్లు. ఈ ఊళ్ళో చాలా వృత్తులు సంఘాల గుప్పిట్లో ఉండేవి, ఆ సంఘాల్లోకి యూదులను రానిచ్చేవాళ్ళు కాదు. వజ్రాల పని కొత్తది, దానికి సంఘం లేదు. అందుకని చాలామంది యూదులు వజ్రాలు సానపట్టడంలో, అమ్మడంలో దిగారు. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపు అన్నీ మన దేశం నుంచి పోయినవే, అందులో ముఖ్యంగా మన కృష్ణ ఒడ్డువి. కొల్లూరు గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. హుజూర్‌నగర్ వైపు డ్యూటీ చేసినప్పుడు ఆ నది ఒడ్డున ఎన్నో సాయంత్రాలు నడిచాను. ఆ ఒడ్డున మట్టి తవ్వి రాళ్ళు ఏరిన కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవు, వాళ్ళు ఏరిన రాళ్ళు మాత్రం ఇంత దూరం వచ్చాయి.

రెండోది కొచ్చి. ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ ఎల్‌టీసీ మీద కేరళ పోయినప్పుడు మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ చూశాం. 1568 నాటిది. అక్కడ నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పలకలు, వాటి మీద నడవాలంటే చెప్పులు విప్పాల్సిందే. 1686లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఈ పోర్చుగీస్ యూదులు కొందరు ఓడలో కొచ్చి వెళ్ళి, అక్కడి యూదులను కలిసి, వాళ్ళ బతుకు తీరు రాసుకుని వచ్చారు. వాళ్ళ నాయకుడు మోసెస్ పెరేరా ద పైవా. ఆ వివరాలు మరుసటి ఏడాది ఇక్కడ అచ్చయ్యాయి. అంటే నేను కూర్చున్న బెంచీల మధ్య నుంచి లేచి పోయినవాళ్ళు, నేను కొచ్చిలో నిలబడ్డ వాకిట్లో నిలబడ్డారు. ఈ సంగతి తెలిశాక నాకు ఈ చోటు పరాయిదిగా అనిపించలేదు.

ఇప్పుడు పునాది. ఆమ్‌స్టర్‌డామ్ అంటేనే బురద నేల. ఈ కట్టడం దాదాపు 3,000 కర్ర మొద్దుల మీద నిలబడి ఉంది. వాటి మీద ఇటుక కమానులు, వాటి కింద నీళ్ళు. ఆ కమానుల కిందికి పడవలో పోయి పునాది చూసి రావచ్చు, పని చేసేవాళ్ళు అట్లాగే చూసుకుంటారు. కర్ర ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉంటే గాలి తగలదు కనుక కుళ్ళదు. నీటి మట్టం తగ్గి కర్ర తల బయటపడితేనే పుచ్చు మొదలవుతుంది. అంటే 1670ల నుంచి ఈ రోజు దాకా ఈ ఊళ్ళో ఎవరో ఒకరు నీటి మట్టాన్ని కాపాడుతూనే ఉన్నారన్నమాట. కట్టడం నిలబెట్టేది ఒక్క మేస్త్రి పనితనమే కాదు, తర్వాత వచ్చిన తరాల మెయింటెనెన్స్ కూడా. ఈ మాట ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెప్పాను, బిల్లు పాసయ్యేది మాత్రం కొత్త కట్టడాలకే.

ఇక్కడ నన్ను కదిలించింది ఏం చేశారన్నది కాదు, ఏం చేయకుండా ఉన్నారన్నది. కరెంటు పెట్టే డబ్బు వాళ్ళకు లేక కాదు. చలికాలంలో ఇబ్బంది అయితే పక్కనున్న చిన్న మందిరంలో ప్రార్థన చేసుకుంటారు, అందులో హీటరూ ఉంది, కరెంటూ ఉంది. పెద్దదాన్ని మాత్రం ముట్టుకోలేదు. పైకప్పు మరమ్మతు చేశారు, పునాది చూసుకున్నారు, చుట్టూ ఉన్న గదులు బాగుచేశారు. బాగుచేయడం వేరు, మార్చేయడం వేరు. మా జిల్లాలో ఒక పాత శివాలయం ఉంది. నా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం దాని రాతి నేల మీద పడుకుంటే ఒళ్ళంతా చల్లబడేది. ఇప్పుడు ఆ రాళ్ళ మీద మెరిసే టైల్స్ అంటించారు, స్తంభాల మీది శిల్పాలకు ఆయిల్ పెయింట్ కొట్టారు, గర్భగుడి గుమ్మానికి స్టీలు రెయిలింగ్ బిగించారు. చేసినవాళ్ళు భక్తితోనే చేశారు, చందాలు పోగేసి మరీ చేశారు. కాని టైలు అంటించడానికి సిమెంటు పట్టాలని ఆ రాయిని సుత్తితో గాట్లు పెట్టినప్పుడు, ఆ రాయి చెక్కిన మనిషి పని పోయింది. అది మళ్ళీ రాదు. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఇంకా తన రూపంలో ఉంది. గర్భగుడిలో పగలంతా కదలకుండా పడే ఆ స్తంభం నీడ ఒక వెలుతురు లెక్క. గుడి కట్టినవాళ్ళు ఏ సందులోంచి ఎంత వెలుగు రావాలో చూసుకుని కట్టారు. అక్కడ ఒక్క ఫోకస్ లైటు అడ్డం పెట్టినా ఆ లెక్క మొత్తం చెడిపోతుంది. ఊరి పెద్దలు, గుడి కమిటీల వాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ వస్తే, వాళ్ళను చెయ్యి పట్టుకుని ఈ మందిరంలోకి తీసుకుపోవాలని ఉంది.

చుట్టూ ఉన్న గదుల్లో వెండి సామాను, జరీ బట్టలు, తోరా చుట్టలకు తొడిగే కిరీటాలు పెట్టారు. మా ఆవిడ అక్కడ జరీ పని చూస్తూ ఆగిపోయింది. నేను త్వరగానే బయటపడ్డాను. అదే ఆవరణలో ఎట్స్ హయిం గ్రంథాలయం ఉంది. 1616లో మొదలైంది, నేటికీ నడుస్తున్న యూదు గ్రంథాలయాల్లో ఇదే అన్నిటికంటే పాతది. యునెస్కో 2003లో దీన్ని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఈ పుస్తకాలను పెట్టెలకెత్తి జర్మనీ తీసుకుపోయారు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చాయి.

మనుషులు మాత్రం అట్లా తిరిగి రాలేదు. యుద్ధానికి ముందు నెదర్లాండ్స్‌లో యూదులు దాదాపు 1,40,000 మంది. వాళ్ళలో లక్షకు పైగా జనాన్ని చంపేశారు. ప్రతి నలుగురిలో ముగ్గురు. ఈ మందిరం మాత్రం కూలలేదు, కాలలేదు. బెంచీలు ఉన్నాయి, వాటి మీద కూర్చునే కుటుంబాలు పోయాయి. ఈ రోజుకీ ఇక్కడ ప్రార్థనలు జరుగుతాయి, మిగిలిన సంఘం చిన్నదే. ఈ లెక్క తెలిసి ఖాళీ బెంచీల వరస చూస్తే మనసు బరువెక్కుతుంది. చిన్నపిల్లలను తీసుకుపోతే ముందుగా కొంత చెప్పి తీసుకుపోండి.

బయటికి రాగానే పక్క మైదానంలో ఒక రేవు కూలీ విగ్రహం ఉంటుంది. చేతులు పక్కకు వదిలి, ఛాతీ విరుచుకుని నిలబడ్డ కష్టజీవి. 1941 ఫిబ్రవరిలో నాజీలు ఇదే చోట వందల మంది యూదు యువకులను పట్టి లాక్కుపోతే, ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులు ట్రాములు ఆపి, రేవులు ఆపి సమ్మె చేశారు. మరుసటి రోజుకల్లా తుపాకులతో అణచివేశారు. పక్కవాడి కోసం పనిముట్లు కింద పెట్టిన కూలీ జనం వాళ్ళు. సాయుధ పోరాటం చూసిన మా నల్లగొండ మనిషికి ఆ విగ్రహం ముందు ఎవరూ ఏమీ వివరించి చెప్పనక్కరలేదు. మా నాయిన ఉంటే దానికి దండం పెట్టేవాడు. నేను పెట్టాను. ఆ మైదానంలోనే బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

పోయేవాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, మూసి ఉంటుంది. యూదుల పండగ రోజుల్లో కూడా అంతే. చలికాలంలో శుక్రవారం సాయంత్రం తొందరగా మూసేస్తారు, బయలుదేరే ముందు ఫోన్‌లో వేళలు చూసుకోండి. అదే టికెట్టు మీద ఎదురుగా ఉన్న యూదు మ్యూజియం కూడా చూడొచ్చు, కాఫీ తాగే చోటు అక్కడే ఉంది. ఆ మ్యూజియం కూడా పాత సినగాగ్‌లలోనే పెట్టారు. పిల్లల దగ్గర మ్యూజియం కార్డు ఉంటే ఇక్కడ చెల్లుతుంది. ఆడియో గైడ్ తెలుగులో ఉండదు కాబట్టి ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళతో పిల్లలు ఎవరైనా ఒకరు ఉంటే మంచిది. మా బిడ్డ ముక్కముక్కగా విని చెప్పింది, అట్లా వినడమే మేలనిపించింది. హీటర్ లేదని చెప్పాను కదా, అక్టోబర్ దాటితే స్వెటర్ మీద కోటు వేసుకునే పోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా నిశ్చింతగా పోవచ్చు, చూడాల్సిందంతా దాదాపు కిందనే ఉంది, కూర్చోవడానికి బెంచీలకు కొదవ లేదు. కనీసం రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు కూడా నడక దూరంలోనే ఉంది, మా ఆవిడకు ఓపిక లేక మేము అటు పోలేదు.

కొన్ని సాయంత్రాల్లో ఆ 1,000 కొవ్వొత్తులూ వెలిగించి కచేరీలు పెడతారు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. వచ్చేసారి మేము వచ్చే తారీఖులకు ఒకటి దొరుకుతుందేమో చూసి పెట్టమని మా బిడ్డకు చెప్పాను.